డిలీట్ అయింది సరే, ఆ తర్వాత ఏం చేశారు?

పోయిన ఫైళ్ల మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగినందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఫైలు ఎలా పోయిందో అందరూ ఒక్క వాక్యంలో తేల్చేశారు. పోయాక ఏమేం ప్రయత్నించారో మాత్రం పేజీలకు పేజీలు రాశారు. హన్మకొండ నక్కలగుట్టలో మా దుకాణానికి వచ్చేవాళ్లదీ ఇదే వరస. అందుకే కౌంటర్ దగ్గర నా మొదటి ప్రశ్న "పోయాక ఏం చేశారు?" అనే ఉంటుంది. జవాబు వినగానే పని అవుతుందో లేదో సగం తెలిసిపోతుంది. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లతోనే సరిపెడుతున్నాను.

ప్రశ్న: అక్కా, నేను పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఆదివారం పెళ్లి తీసిన 64 జీబీ కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించాననుకొని కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. అదే కార్డుతో ఒక ఓణీల ఫంక్షన్‌లో కొన్ని ఫొటోలు కూడా తీశాను. ఇంటికి వచ్చి చూస్తే కంప్యూటర్‌లో జీలకర్ర-బెల్లం వరకే ఉన్నాయి. కాపీ మధ్యలో ఆగిపోయినట్టుంది. ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ దించుకొని, దొరికినవాటిని అదే కార్డులో సేవ్ చేశాను. చాలా ఫొటోలకు కింద బూడిదరంగు పట్టీ వస్తోంది. వాటిని బాగు చేయవచ్చా? పెళ్లివాళ్లకు ఏం చెప్పాలి?
– ఫొటోగ్రాఫర్, పరకాల

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కార్డు తీసి, పక్కన ఉండే చిన్న మీటను లాక్ వైపు జరుపు. మిగతాది తర్వాత చదువు.

కెమెరాలో ఫార్మాట్ కొడితే మామూలుగా ఫొటోలు చెరిగిపోవు. ఏ ఫొటో ఎక్కడ మొదలైంది, ఎంత మేర ఉంది అని రాసిపెట్టుకున్న పట్టిక మాత్రమే ఖాళీ అవుతుంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, అందులో పంట కూడా అలాగే ఉంటుంది. కాకపోతే కాగితం మీద అది ఖాళీ భూమి కాబట్టి కొత్తగా వచ్చినవాడు దర్జాగా దున్నుకోవచ్చు. దున్నాక పాత పంటను ఏ తహసీల్దారూ తెచ్చి ఇవ్వలేడు.

నువ్వు ఆ పొలాన్ని రెండుసార్లు దున్నించావు. ఓణీల ఫంక్షన్ ఫొటోలు కొన్నే కాబట్టి వాటివల్ల పోయింది కొంచెమే. దొరికిన ఫొటోలను అదే కార్డులో సేవ్ చేయడమే అసలు దెబ్బ. ఒక ఫొటోను బయటికి తీసి, ఇంకా తీయని ఇంకో ఫొటో మీద రాస్తూ పోయావన్నమాట. మంచి రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ చోట హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా 'ఓకే' నొక్కే అలవాటు మన అందరిదీ.

ఇక ఆ బూడిదరంగు పట్టీ సంగతి. జేపెగ్ ఫొటోను కంప్యూటర్ పైవరస నుంచి కిందికి విప్పుకుంటూ వస్తుంది. ఫైలు మొదటి భాగం నిలిచి, తర్వాతి భాగం మీద వేరే ఫొటో వచ్చి పడితే పందిరి, అడ్డుతెర, పంతులుగారి భుజం దాకా చక్కగా వచ్చి, అక్కడి నుంచి రంగులు తారుమారవుతాయి, లేదా బూడిదరంగు నిండుతుంది. పట్టీ ఎంత మందంగా ఉంటే అంత భాగం పోయినట్టే. ఫొటో రిపేర్ పేరుతో అమ్మే సాఫ్ట్‌వేర్లు ఆ పట్టీ చోట లేని పెళ్లికూతురిని తెచ్చి కూర్చోబెట్టలేవు. వాటికి డబ్బు కట్టకు.

మిగిలినదాన్ని కాపాడుకుందాం. కార్డును రీడర్‌లో పెట్టి, మొత్తం కార్డుకు ఒక ఇమేజ్, అంటే మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు, వేరే హార్డ్‌డిస్కులోకి తీసుకో. దానికి 64 జీబీ ఖాళీ కావాలి. ఇకపై ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే చేయాలి, కార్డును తాకవద్దు. తర్వాత ఫొటోరెక్ వాడు. క్రిస్టోఫ్ గ్రెనియర్ అనే ఆయన రాసి ఉచితంగా ఇస్తున్న పనిముట్టు అది. చూడటానికి నల్ల తెర మీద అక్షరాలు తప్ప ఏమీ ఉండవు, కానీ పని మాత్రం గట్టిది. పట్టికను అది అసలు పట్టించుకోదు. ప్రతి జేపెగ్ ఫైలూ ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. కార్డును ఈ చివర నుంచి ఆ చివరికి చదువుతూ, ఆ గుర్తు కనిపించిన ప్రతి చోటా ఒక ఫొటో మొదలైందని పట్టుకుంటుంది. పట్టికతో పని లేదు కాబట్టి ఫైళ్ల పాత పేర్లు రావు, అడ్డదిడ్డంగా అంకెల పేర్లు వస్తాయి. కంగారుపడకు. ఫొటో లోపల ఎగ్జిఫ్ అనే భాగంలో తీసిన తేదీ, సమయం భద్రంగా ఉంటాయి. ఆ సమయం ప్రకారం వరుస పెడితే ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా వాటంతట అవే సర్దుకుంటాయి.

వీడియోల మీద అంత ఆశ పెట్టుకోకు. పెద్ద ఫైళ్లు ఒకేచోట ఉండక ముక్కలుగా పడి ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది, చాలా కెమెరాలు దాన్ని రికార్డింగ్ ఆపాకే రాస్తాయి. ఆ సూచిక దొరక్కపోతే ఫైలు ఉన్నా ఆడదు. అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి వీడియోను నమూనాగా చూపిస్తే సూచికను మళ్లీ కట్టే అన్‌ట్రంక్ లాంటి పనిముట్లు ఉన్నాయి. ప్రయత్నించి చూడు.

పెళ్లివాళ్లకు ఈ రోజే చెప్పు. ఎందుకంటే తాళి కట్టేటప్పుడు కనీసం ఇరవైమంది బంధువులు నీకు అడ్డం వచ్చి మరీ ఫోన్లతో తీసి ఉంటారు. ఇప్పుడు అడిగితే ఆ ఫొటోలు ఉంటాయి, నెల తర్వాత అడిగితే ఫోను నిండిందని తీసేసి ఉంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా వద్దని, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పు. అప్పుడే అసలు నాణ్యత వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. కొత్త ల్యాప్‌టాప్‌లో సిద్ధాంత గ్రంథం ఫోల్డర్‌ను షిఫ్ట్, డిలీట్ రెండూ నొక్కి పొరపాటున తీసేశాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు పేరు కనిపిస్తోంది, పరిమాణం కూడా సరిగ్గా చూపిస్తోంది. రికవర్ చేసి తెరిస్తే ఫైలు పాడైందని వర్డ్ చెబుతోంది. డబ్బు కట్టి పూర్తి వెర్షన్ కొంటే వస్తుందా?
– వరంగల్

జవాబు: రాదు. డబ్బు దాచుకోండి.

పైన ఫొటోగ్రాఫర్ తమ్ముడికి చెప్పినదానికి మీ విషయం పూర్తిగా తిరగబడుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లేలున్న పాత హార్డ్‌డిస్కు కాదు, కదిలే భాగాలేవీ లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. మీరు ఫైలు తీసేయగానే "ఈ జాగాతో ఇక పని లేదు" అని విండోస్ ఆ ఎస్‌ఎస్‌డీకి కబురు పెడుతుంది. ఎస్‌ఎస్‌డీ తన తీరిక చూసుకొని ఆ జాగాను నిజంగానే శుభ్రం చేస్తుంది. ఆ లోపు ఎవరైనా చదవబోయినా చాలా ఎస్‌ఎస్‌డీలు సున్నాలే ఇస్తాయి. ఫైలు పేరు, పరిమాణం ఉండేది వేరే పట్టికలో కాబట్టి అవి మాత్రం కనిపిస్తాయి. మీకు ఆశ పుట్టించింది అదే, సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లకు అన్నం పెడుతున్నదీ అదే. అనుమానం తీరాలంటే రికవర్ అయిన ఫైలును, అందులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ వ్యూయర్ అనే చిన్న పనిముట్టులో తెరవండి. వర్డ్‌లో దాచిన డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలే కాబట్టి పీ, కే అనే రెండు అక్షరాలతో మొదలు కావాలి. మీకు వరసగా సున్నాలు కనిపిస్తే అక్కడితో వెతుకులాట ఆపేయండి.

ల్యాప్‌టాప్‌లో ఆపేయమన్నాను, మిగతాచోట్ల కాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను విండోస్ తనంతట తానే వన్‌డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వతో కలిపి ఉండవచ్చు. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడి రీసైకిల్ బిన్ చూడండి. సొంత ఖాతా అయితే అందులో 30 రోజులు ఉంటాయి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లోనూ 30 రోజులే, కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయకండి. గైడ్‌గారికి పంపిన అధ్యాయాలు మీ మెయిల్‌లో పంపినవాటి పెట్టెలో ఉంటాయి. తోటి విద్యార్థులకు వాట్సాప్‌లో పంపి ఉంటే వాళ్ల ఫోన్లలో ఉంటాయి. అన్నిటికంటే ముందు, ఆరు నెలల సమావేశానికి ప్రింటు తీయించిన జిరాక్స్ సెంటరుకు వెళ్లండి. అక్కడి కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఎవరూ శుభ్రం చేయరు. మామూలుగా ఆ అలవాటును నేను తిట్టుకుంటాను, మీ విషయంలో దీవిస్తున్నాను.

ప్రశ్న: నెట్ సెంటరులో అప్లికేషన్ నింపి వచ్చాక నా పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. నొక్కితే ఏవీ తెరుచుకోవడం లేదు. సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి.
– నర్సంపేట

జవాబు: ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్‌లో నిండిన జాగా ఎంతో చూడండి, పాత లెక్కే ఉంటుంది. ఒక వైరస్ మీ ఫోల్డర్లను దాచిపెట్టి, అవే పేర్లతో తన షార్ట్‌కట్‌లను బయట పెట్టింది. ఆ షార్ట్‌కట్‌లను ఇక నొక్కవద్దు, నొక్కిన ప్రతిసారీ వైరస్ నడుస్తుంది. యాంటీవైరస్‌తో తుడిచాక, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని చెప్పి, 'ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్‌ను దాచు' అన్న వరసలో టిక్ తీసేయండి. మీ ఫోల్డర్లు మసక రంగులో కనిపిస్తాయి. వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకొని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. కాపీ కాకముందే ఫార్మాట్ కొట్టి మా దుకాణానికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో మీరు చేరకండి.

ప్రశ్న: అమ్మా, నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ని. మా అమ్మగారు పాడే బతుకమ్మ పాటలను 2004లో ఆమె నోట విని రాసుకొని, డీటీపీ చేయించి సీడీలో దాచాను. ఆమె ఇప్పుడు లేరు. పుస్తకం వేద్దామని ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు కలగాపులగంగా ఉన్నాయి. ఫైలు కరప్ట్ అయిందని, మూడు వేలు అవుతుందని ఒకచోట చెప్పారు. ఇవ్వవచ్చా?
– హన్మకొండ

జవాబు: సార్, మూడు రూపాయలు కూడా ఇవ్వకండి. మీ ఫైలుకు ఏ జబ్బూ లేదు. ఈ జవాబు ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, మీరు ఉత్తరంతో జతచేసిన మొదటి పేజీ ప్రింటు చూశాను. ఆ పిచ్చి గుర్తుల్లో ప్రతి పంక్తి చివరా ఒకే గుత్తి అక్షరాలు, అవే వరసలో, తప్పకుండా వస్తున్నాయి. బతుకమ్మ పాటలో పంక్తి చివర ఏం వస్తుందో మీకు నేను చెప్పాలా? అది 'ఉయ్యాలో'. నిజంగా చెడిపోయిన ఫైలులో ఇంత క్రమం ఉండదు. పాట మొత్తం అక్కడే ఉంది, దానికి తొడగాల్సిన ఫాంటు మాత్రమే మీ కంప్యూటర్‌లో లేదు.

మా దుకాణం మొదట డీటీపీ సెంటరే కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా రాస్తాను. అప్పట్లో పెళ్లి శుభలేఖ నుంచి ఎన్నికల కరపత్రం దాకా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చేవాళ్లం. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదే తెలుగు ఆకారాలను ఎక్కించుకున్నాయి. ఒక తెలుగు అక్షరానికి తలకట్టు ఒక సంఖ్య, ఒంటి భాగం ఒక సంఖ్య, ఒత్తు ఇంకో సంఖ్య అయ్యేది. ఫైలులో దాచుకునేది ఆ సంఖ్యలనే. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే ఆ సంఖ్యలకు అసలు హక్కుదారులైన ఇంగ్లిషు అక్షరాలు బయటపడతాయి. తెలుగుకు సొంతంగా స్థానాలిచ్చిన యూనికోడ్ 1991 నుంచే ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పనుల్లో మేం పాత ఫాంట్లనే పట్టుకొని చాలాకాలం ఉన్నాం, ఇప్పటికీ కొందరు ఉన్నారు. ఆ అక్షరాలు అచ్చులో అందంగా వచ్చేవి, అది ఒప్పుకోవాలి.

చేయవలసింది ఇది. ముందు సీడీలోని ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా రెండు చోట్లకు కాపీ చేసుకోండి. వర్డ్ ఫైలును తెరిచి, ఒక పదాన్ని ఎంచుకొని, ఫాంటు పేరు గడిలో ఏముందో చూడండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినా దాని పేరు అక్కడ ఉంటుంది. ఆ పేరున్న ఫాంటు పాత డీటీపీ సెంటర్లలో దొరుకుతుంది. పేజ్‌మేకర్ ఫైలైతే, పేజ్‌మేకర్ 7 ఇంకా నడుస్తున్న కంప్యూటర్ ఉన్నచోటికి వెళ్లి, ముందు పీడీఎఫ్ చేయించుకోండి. అది మీకు సాక్ష్యంలా ఉంటుంది. తర్వాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయించండి. మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు, కొన్ని అరుదైన సంయుక్తాక్షరాలు దెబ్బతింటాయి. కాబట్టి పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని పంక్తి పంక్తీ సరిచూడాలి. ఆ పని మాత్రం డీటీపీ పిల్లలకు అప్పగించకండి. మీ అమ్మగారు ఏ మాట ఎలా పలికేవారో మీకే తెలుసు, వాళ్లు వ్యాకరణం ప్రకారం దిద్దేస్తారు.

ప్రశ్న: 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు దగ్గర మా ఇల్లు మునిగినప్పుడు కంప్యూటర్ కూడా నీళ్లలో ఉండిపోయింది. హార్డ్‌డిస్కును ఎండలో పెట్టి, బియ్యం డబ్బాలో కొన్నాళ్లు ఉంచి, బీరువాలో దాచాం. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు కనెక్ట్ చేసి చూడవచ్చా?
– వరంగల్

జవాబు: వద్దు. ఇన్నాళ్లూ కనెక్ట్ చేయకపోవడం మీరు చేసిన మంచి పని.

ఫొటోలను దాచుకున్నది అయస్కాంత పూత. నీళ్లు దాన్ని చెరపవు. భయమంతా నీళ్లు వదిలివెళ్లిన బురద గురించే. మామూలు హార్డ్‌డిస్కు గాలి చొరబడని డబ్బా కాదు. లోపలి, బయటి గాలి ఒత్తిడి సమానంగా ఉండటానికి దానికి ఒక చిన్న రంధ్రం, దానికొక వడపోత ఉంటాయి. వరద నీరు అందులోంచి దిగి ఆరిపోతే మెరిసే పళ్లేల మీద సన్నని మట్టి పొర మిగులుతుంది. చదివే తల ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతూ ఉంటుంది. వెంట్రుక మందం కూడా దానికి కొండంత. ఒక్కసారి కరెంటు ఇస్తే నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్లేన్ని ఆ మట్టి గీరేస్తుంది. గీరిన చోట పూతే ఉండదు, ఇక ఫొటో ఎక్కడిది?

బియ్యం సంగతి: ఫోన్లకే అది పెద్దగా పనికిరాదు, హార్డ్‌డిస్కుకు అసలు పనికిరాదు. ఎండ ఇంకా చెడ్డది, మురికిని ఆరబెట్టి అతికిస్తుంది. ఇకముందు ఎవరి డిస్కైనా తడిస్తే ఆరబెట్టకుండా, ఉన్నదున్నట్టు గట్టి ప్లాస్టిక్ సంచిలో మూసి రికవరీ లాబ్‌కు తీసుకెళ్లాలి. మీ డిస్కును తెరిచి కడగాలంటే దుమ్ము లేని గది ఉండాలి. అది మా దుకాణంలో లేదు, హన్మకొండ చౌరస్తాలో తెరిచి చూపిస్తామనే వాళ్ల దగ్గరా ఉండదు. హైదరాబాద్‌లో లాబ్‌లున్నాయి. పరీక్షకు ఎంత, డేటా రాకపోతే ఎంత, అనే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఇచ్చినచోటే డిస్కు ఇవ్వండి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఫొటోలు కొన్ని తాతయ్యల, అమ్మమ్మల ఆల్బమ్‌లలో ప్రింట్లుగా ఉన్నాయేమో ముందు లెక్క చూసుకొని, తర్వాత నిర్ణయించుకోండి.

ప్రశ్న: హార్డ్‌డిస్కు టిక్ టిక్ అంటోంది. ఫ్రీజర్‌లో రాత్రంతా పెడితే ఒకసారి పనిచేస్తుందని మా బావ చెప్పాడు.
– మహబూబాబాద్

జవాబు: మీ బావగారు చెప్పింది చాలా పాత చిట్కా. ఫ్రీజర్ నుంచి తీయగానే చల్లటి పళ్లేల మీద తేమ పడుతుంది, దాంతో రెండో జబ్బు కూడా వస్తుంది. ఆ చప్పుడు, చదివే తల దారి దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి కొట్టుకుంటున్న చప్పుడు. ప్లగ్ తీసేయండి, పై జవాబులోని లాబ్ సలహా మీకూ వర్తిస్తుంది. చప్పుడు లేకుండా నెమ్మదిగా నడుస్తున్న డిస్కైతే వేరే మాట. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 'కరెంట్ పెండింగ్ సెక్టర్', అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క, అన్న వరస దగ్గర సున్నా కాకుండా వేరే అంకె ఉంటే వెంటనే నకలు తీయాలి. దానికి మామూలు కాపీ పనికిరాదు, చెడ్డ చోట ఇరుక్కొని డిస్కును అలసిపోయేలా చేస్తుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే పనిముట్టు బాగున్న భాగాలను ముందు చదివేసి, చెడ్డవాటి దగ్గరికి తర్వాత తీరిగ్గా వస్తుంది.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి అడ్తి. మా గుమాస్తా ఏదో సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకునే క్రాక్ దించాడు. తెల్లారేసరికి లెక్కల ఫైళ్లన్నిటి పేర్ల చివర నాలుగు కొత్త అక్షరాలు చేరాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. 980 డాలర్లు ఇవ్వాలని, 72 గంటల్లో అయితే 490 చాలని ఒక ఉత్తరం వదిలారు. రైతుల బాకీల లెక్క అంతా అందులోనే ఉంది.
– వరంగల్

జవాబు: ఆ ఉత్తరంలోని అంకెలు, క్రాక్‌తో వచ్చిన తీరు చూస్తే ఇది స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్, కుటుంబంలాగే ఉంది. డబ్బు కట్టవద్దు. కట్టినా తాళంచెవి ఇస్తారన్న పూచీ ఏమీ లేదు.

నెట్ కేబుల్ తీసేసి, ఆ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ కూడా తగిలించకండి. తర్వాత ఇంకో కంప్యూటర్‌లో 'నో మోర్ రాన్సమ్' అనే ఉచిత సేవను చూడండి. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టారు. ఫైలు నమూనా ఇస్తే ఏ జాతి వైరసో, తాళంచెవి దొరికిందో లేదో చెబుతుంది. ఈ కుటుంబంలో ఒక మెలిక ఉంది. మీ ఫైళ్లకు తాళం వేసే సమయానికి వైరస్ తన యజమాని సర్వర్‌ను అందుకోలేకపోతే, అందరికీ వాడే ఒకే తాళం వేస్తుంది. అలాంటివాటిలో కొన్నిటికి ఎమ్‌సిసాఫ్ట్ అనే భద్రతా సంస్థ ఇచ్చే ఉచిత పనిముట్టు పనిచేస్తుంది. సర్వర్ దొరికి మీకంటూ ప్రత్యేకమైన తాళం వేసి ఉంటే ఇప్పటికి దారి లేదు. అయినా తాళం పడిన ఫైళ్లను పారేయకండి, ఒక డిస్కులో పక్కన పెట్టండి.

ఈ వైరస్ వెంట పాస్‌వర్డ్‌లు దొంగిలించే మరో పురుగు కూడా తరచుగా వస్తుంది. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను ఫోను నుంచి ఈ రోజే మార్చండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. లెక్కల విషయానికి వస్తే, జీఎస్టీ రిటర్నులు వేసే మీ ఆడిటర్ దగ్గర ట్యాలీ బ్యాకప్ ఎంతోకొంత ఉంటుంది. అక్కడి నుంచి ఇప్పటి వరకు మార్కెట్ తక్‌పట్టీలు, అంటే అమ్మకాల చీటీలు, పెట్టుకొని తిరగరాసుకోవచ్చు. గుమాస్తాను తిట్టే ముందు, ఆ సాఫ్ట్‌వేర్ కొనమని అతను మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాడో గుర్తు చేసుకోండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనే డిస్కును సరిచేసింది. ఫొటోల ఫోల్డర్ మాయమై 'ఫౌండ్' అనే పేరు, మూడు సున్నాలతో ఒక ఫోల్డర్ వచ్చింది. అందులో సీహెచ్‌కే అనే ఫైళ్లున్నాయి.
– భూపాలపల్లి

జవాబు: అది డిస్కులో తప్పులు సరిచేసే విండోస్ పనిముట్టు చెక్‌డిస్క్ చేసిన పని. యజమాని తెలియని ముక్కలన్నిటినీ ఏరి అందులో వేసింది. ఫౌండ్ ఫోల్డర్‌ను వేరే డిస్కుకు కాపీ చేసుకొని, అక్కడ ఒక ఫైలు పేరు చివర సీహెచ్‌కే తీసి జేపీజీ అని పెట్టి చూడండి. తెరుచుకుంటే అదృష్టం. ఎక్కువ ఉంటే ఫొటోరెక్‌నే ఫొటోలు పోయిన అసలు డిస్కు మీద నడపండి. చెక్‌డిస్క్ ఉద్దేశం డిస్కును మళ్లీ వాడుకునేలా చేయడం, మీ ఫైళ్లను కాపాడటం దాని బాధ్యత కాదు. అందుకే ఫైళ్లు పోయాయన్న అనుమానం ఉన్నప్పుడు దాన్ని నడవనివ్వకండి. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చండి.

ప్రశ్న: మేడమ్, ల్యాప్‌టాప్ చెడిపోయింది. అందులో నా సొంత ఫొటోలున్నాయి. రికవరీకి ఇవ్వాలంటే భయంగా ఉంది. ఇంట్లో చెప్పలేను.
– కరీంనగర్

జవాబు: ఆ భయం సరైనదే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డేటా తీసేవాళ్లకు అది కనిపిస్తుంది, కనిపించదని ఎవరైనా అంటే అబద్ధం. కాబట్టి దుకాణం ఎంచుకోవడంలోనే జాగ్రత్త. ల్యాప్‌టాప్ వదిలి వెళ్లకుండా మీ ఎదుటే చేస్తారా అని అడగండి. ముందు ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవడానికి కారణం డిస్కేనా అని చూడమనండి. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. అప్పుడు దాన్ని విప్పి యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకొని ఇంట్లో మీరే కాపీ చేసుకోవచ్చు, ఎవరూ చూడాల్సిన పనే ఉండదు. ఖాళీ డిస్కు మీరే కొని తీసుకెళ్లండి, డేటా నేరుగా అందులోకే తీయమనండి. వాళ్ల కంప్యూటర్‌లోకి తీస్తే అక్కడ నకలు మిగులుతుంది. ఎవరైనా ఆ ఫొటోలతో బెదిరిస్తే డబ్బు ఇవ్వకుండా పోలీసుల షీ టీమ్‌కు చెప్పండి. అక్కడ మహిళా సిబ్బంది ఉంటారు.

ప్రశ్న: మదర్‌బోర్డు మార్చాక 48 అంకెల సంఖ్య అడుగుతోంది. మేం ఏ తాళమూ వేయలేదు.
– కాజీపేట

జవాబు: మీరు వేయలేదు, విండోస్ వేసుకుంది. అది బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టి ఉంటే ఆ 48 అంకెలు మీ ఖాతాలో రికవరీ కీల పేజీలో ఉంటాయి. ఇంట్లో ఎవరి ఖాతాతో మొదలుపెట్టారో గుర్తు తెచ్చుకోండి, సాధారణంగా అది కాలేజీకి వెళ్లిన అబ్బాయిదో అమ్మాయిదో అవుతుంది. ఆ సంఖ్య లేకుండా ఎవరూ ఏమీ తీయలేరు, తీస్తామని అడ్వాన్సు అడిగేవాళ్లకు ఇవ్వకండి.

ప్రశ్న: అతి చవగ్గా 2 టీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. మొదట్లో వేసిన సినిమాలు ఆడుతున్నాయి, తర్వాత వేసినవి ఒక్కటీ ఆడటం లేదు. రికవరీ ఎలా?
– జగిత్యాల

జవాబు: అందులో ఉన్నది ఏ 32 జీబీయో, 64 జీబీయో. 2 టీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా లోపలి చిప్‌ను మార్చారు. జాగా అయిపోయాక వేసినవి ఎక్కడా రాయబడలేదు, కాబట్టి తీయడానికి ఏమీ లేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత పనిముట్టు అసలు పరిమాణం ఎంతో చెబుతుంది. ఆ ఫలితం తెరను ఫొటో తీసి, వాపసు గడువు దాటకముందే అమ్మినవాళ్లకు పంపండి.